పదిన్నరకు పైనుంచి తనిఖీ

సోమవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరినప్పుడు పటాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి సంతకం, పదీ పావుకు టీ, ఆ తర్వాత పార్కు నడకదారి పటంలో మిగిలిన రెండు మలుపులు గీయడం, సాయంత్రం లోపు పెన్సిళ్ళు చెక్కి డబ్బాలో పెట్టడం. ఇరవై రెండేళ్ళుగా పురపాలక ఆఫీసు పార్కుల విభాగంలో పటాలు గీస్తున్నాడు కాబట్టి అందరికీ ఆయన పటాలాయనే. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడికి వెళ్ళి చూడవలసినంత అవసరం ఎవరికీ రాలేదు. ఆఫీసు మొత్తంలో ఆయన తనదని చెప్పుకోగలిగింది ఒక్కటే, రెండో అంతస్తులో కిటికీ పక్క సీటు.

పదీ పావుకు టీకి బదులు పెద్దసారు దగ్గర్నుంచి కబురొచ్చింది. పెద్దసారు పార్కుల విభాగానికి అధిపతి. మనిషి మంచివాడు; ఏ కాగితాన్నైనా చదవకముందే కంగారుపడటం తప్ప వేరే దురలవాట్లు లేవు. ఆ రోజు కాగితం మాత్రం చదివాక కూడా కంగారుపడదగిందే. ఊరూరా పార్కుల్లో పచ్చదనం ఎంతుందో ఇకమీదట ఉపగ్రహం తీసిన బొమ్మల్లో కొలుస్తామని పై ఆఫీసు రాసింది. పదో తేదీ దాటాక మబ్బు లేకుండా దొరికిన మొదటి బొమ్మే లెక్క. ప్రతి విభాగమూ తన పార్కు సరిహద్దును గీసి, గీసినవాడి సంతకంతో నెలాఖరుకు పంపాలి. ఆ గీత లోపల నలభై శాతం పచ్చదనం లేకపోతే పార్కుల విభాగాన్ని తీసుకెళ్ళి మురుగు విభాగంలో కలిపేస్తారు. మనుషులు ఊళ్ళు తిరిగి చూడక్కర్లేకుండా ఇంత చక్కటి ఉపాయం దొరికినందుకు పై ఆఫీసువాళ్ళు ఉత్తరంలో తమను తామే అభినందించుకున్నారు కూడా.

మురుగు విభాగం అన్న మాట దగ్గర పటాలాయన ఆగిపోయాడు. ఆ విభాగం కింద నేలమాళిగలో ఉంటుంది, కిటికీ ఊసే లేదు. అయినా ఆయన బాధ కిటికీ గురించి కాదు. ఆ విభాగానికి ఇన్‌ఛార్జి ఆయన సొంత బావమరిది. ఎనిమిదేళ్ళు చిన్నవాడు. వాడి ఉద్యోగానికి దరఖాస్తు నింపిపెట్టింది, ఫొటో అంటించింది పటాలాయనే. ఆ తర్వాత వాడు ఎవరికీ చెప్పకుండా శాఖాపరీక్షలు రాసి ఒక మెట్టు పైకి వెళ్ళి కూర్చున్నాడు. రెండు విభాగాలూ కలిస్తే రేపటినుంచి సెలవు చీటీ పట్టుకుని వాడి ముందు నిలబడాలి.

"మన పార్కు ఎంత శాతం ఉంటుందంటావ్?" అన్నాడు పెద్దసారు నీరసంగా.

"ముప్పై ఆరు సార్. మొన్న శనివారం బొమ్మలో చూశాను."

పెద్దసారు కుర్చీలోంచి లేచాడు. పటాలాయన ఇంట్లో కూతురి కంప్యూటర్లో సరదాగా ఈ బొమ్మలు దించి చూస్తుంటాడని ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఊరి చుట్టూ ఒక గడి గీసి, తేదీ చెప్పి, మబ్బులు ఎంతవరకూ ఉంటే ఫరవాలేదో చెబితే చాలు, బొమ్మ దానంతటదే దిగుతుందని ఆయన వివరించాడు. ఎవరి సిఫారసు కావాలని పెద్దసారు అడిగాడు. ఎవరిదీ అక్కర్లేదు, ఉచితం అన్నాడు పటాలాయన. పెద్దసారు మొహం చిట్లించాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఫైలు నంబరు లేకుండా ఆయన చేతికి వచ్చిన వస్తువు ఒక్కటీ లేదు. ఊరికే ఇచ్చేవాడికి ఏదో దురుద్దేశం ఉండే ఉంటుందని గట్టిగా అనుమానపడి, ముప్పై ఆరును మాత్రం వెంటనే నమ్మేశాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది అది?"

"అయిదు రోజులకోసారి మన ఊరి మీదుగా పోతుంది సార్. పొద్దున పదిన్నర ప్రాంతంలో. పదో తేదీ దాటాక అంటే పన్నెండు, మంగళవారం."

ఇక్కడే మొదలైంది వ్యవహారం. పెద్దసారు జీవితంలో పైనుంచి, చెప్పిన తేదీకి, చెప్పిన వేళకు వచ్చి చూసిపోయేది ఒక్కటే, తనిఖీ. తనిఖీకి ఏం చెయ్యాలో ఆయనకు పుట్టుకతోనే తెలుసు. అరగంటలో ఉత్తర్వు తయారైంది: పన్నెండో తేదీ ఉదయం పదిన్నరకు సిబ్బంది అంతా ఉతికిన బట్టల్లో పార్కులో హాజరు కావాలి. బొమ్మలో ఒక్కో చుక్కే నేల మీద పది మీటర్ల వెడల్పు, అందులో మనిషి కనబడడని పటాలాయన అనబోయాడు. అయితే దగ్గరదగ్గరగా నిలబడమందాం అన్నాడు పెద్దసారు.

పార్కు తోటమాలిని కూడా పిలిపించారు. ముప్పై ఏళ్ళుగా ఆ గడ్డిని పెంచుతున్న మనిషి, మాటలు తక్కువ. గేటు పక్క మూల ఎండిపోయింది, పైపు పగిలి ఆరు నెలలయింది, ఆ పైపు బాగుచేసి వారం పాటు నీళ్ళు పెడితే ఆ నాలుగు శాతం అదే వస్తుందన్నాడు. గదిలో అందరూ ఆయన్ని జాలిగా చూశారు. పై ఆఫీసు ఆకాశం నుంచి తనిఖీకి వస్తుంటే ఈయన పైపు గురించి మాట్లాడుతున్నాడు.

ఆ వారంలో పటాలాయన దశ తిరిగింది. టీ ముందు ఆయన బల్ల మీదికే రాసాగింది. క్యాషియరమ్మ వచ్చి, ఫొటోలో ఎడమవైపు నిలబడితే బాగుంటుందా, కుడివైపా అని అడిగింది. ఇరవై రెండేళ్ళలో ఏ రోజూ ఆయన్ని ఏ వైపు గురించీ ఎవరూ అడగలేదు. ఆయన కాస్త ఆలోచించి ఎడమవైపే అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బావమరిది ఎప్పటిలాగే భోజనానికి వచ్చాడు. అప్పటికే భార్య వారం రోజులుగా ఈ గోల వింటోంది. "మా తమ్ముడు పులా, సింహమా? వాడి కింద పనిచేస్తే కొరుకుతాడా?" అని ఆవిడ అప్పుడే రెండుసార్లు అంది. పటాలాయన ఆ మాట చెవిన వేసుకోకుండా, చెయ్యి కడుక్కోగానే బావమరిదిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. వాడికి తెలియని విద్య తన దగ్గర ఒకటైనా ఉందని చూపించుకోవాలి కదా.

"అందులో మా మురుగు మడుగు కూడా కనిపిస్తుందా బావా?" అన్నాడు బావమరిది.

కనిపించింది. పార్కు వెనక గోడ అవతల ఊరి మురుగంతా చేరే మడుగు ఉంది, దాదాపు పార్కంత ఉంటుంది. దాని నిండా గుర్రపుడెక్క. ఏళ్ళ తరబడి తియ్యకపోవడం వల్ల నీళ్ళు కనబడకుండా కమ్మేసింది. పచ్చదనం లెక్క కట్టిన బొమ్మలో ఊరు మొత్తానికి కళ్ళు చెదిరేలా వెలుగుతున్నది అదొక్కటే.

"ఊళ్ళో అన్నిటికన్నా పచ్చగా ఉంది మీ మురుగేరా," అని పటాలాయన పడీపడీ నవ్వాడు. ఆ ఊపులో మొత్తం పాఠం చెప్పేశాడు. ఆకు మన కంటికి కనిపించని ఒక వెలుగును వెనక్కి తన్నుతుంది, ఉపగ్రహం దాన్నే లెక్కపెడుతుంది. కాబట్టి రంగు పచ్చగా ఉంటే చాలదు, అది బతికున్న ఆకై ఉండాలి. బొమ్మ ఎక్కడ వెతకాలో, ఎలా దించాలో, గీత లోపలి శాతం ఎలా కట్టాలో ఒక కాగితం మీద వరసగా రాసి కూడా ఇచ్చాడు. బావమరిది ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, చాలా థాంక్స్ బావా అన్నాడు. వాడికి నేర్చుకోవడమంటే చిన్నప్పటినుంచీ ఇష్టమే.

సోమవారం పొద్దున పెద్దసారుకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. గిడ్డంగిలో గుడారాలకు వాడే పచ్చ టార్పాలిన్లు గుట్టలుగా పడి ఉన్నాయి. ఎండిన మూల మీద అవి పరిస్తే పైనుంచి ఎవడికి తెలుస్తుంది?

పటాలాయనకు తెలుసు. ప్లాస్టిక్ ఆ వెలుగును వెనక్కి తన్నదని నిన్ననే బావమరిదికి వేలు ఊపి మరీ చెప్పాడు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే పెద్దసారు అందరి ముందూ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మన పటాలాయన లేకపోతే ఈ విభాగం ఏమయ్యేదో," అన్నాడు. తెరిచిన నోటితో పటాలాయన టీ తాగేశాడు. మంగళవారం మబ్బు పడితే గొడవే లేదు కదా, తర్వాత చెప్పొచ్చు అనుకున్నాడు.

మధ్యాహ్నానికి మూల మీద టార్పాలిన్లు పడ్డాయి. అప్పుడొక చిక్కు వచ్చింది. టార్పాలిన్ పచ్చదనం ముందు పక్కనున్న నిజం గడ్డి వెలవెలబోయింది. పెద్దసారు అటొకసారి ఇటొకసారి నడిచి, గడ్డి తీరు తనిఖీకి తగినట్టు లేదని తేల్చాడు. కాబట్టి గడ్డి మీద కూడా పరిపించాడు. సాయంత్రానికి చెట్లూ పొదలూ తప్ప పార్కంతా ఒకే రంగు. తోటమాలి గేటు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

మంగళవారం పదింటికే అరవై మంది ఉతికిన బట్టల్లో ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. పదీ ఇరవైకి మబ్బు కమ్మింది. పదీ నలభైకి విడిపోయింది. పెద్దసారు చాలా నొచ్చుకున్నాడు. ఇంత ఏర్పాటు చేసుకున్నాం, ఇంకో అరగంట ఆగమని దానికి కబురు పంపడానికి ఎవరికి రాయాలని అడిగాడు. ఎవరికీ రాయలేం, మళ్ళీ వచ్చేది పదిహేడున అన్నాడు పటాలాయన. పదిహేడు ఆదివారం. ఉపగ్రహానికి సెలవు దినాలు లేవని ఆఫీసు మొత్తానికి ఆ రోజే తెలిసింది. పటాలాయన టీ ఆ సాయంత్రం కొంచెం ఆలస్యంగా వచ్చింది, కొంచెం చల్లగా కూడా.

అందుకని టార్పాలిన్ల సంగతి అప్పుడు కూడా చెప్పలేకపోయాడు. అసలే అందరూ కోపంగా ఉన్నారు. అవి అలాగే ఉండిపోయాయి, పైన ఎండ, కింద గడ్డి.

ఆదివారం ఆకాశం కడిగిపెట్టినట్టు ఉంది. పదీ ఇరవై నుంచి పదీ నలభై వరకు పెద్దసారు గుండీలన్నీ పెట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, కదలకుండా నిలబడ్డాడు. ఎవరికీ ఏమీ కనబడలేదు. అయినా వెళ్ళేటప్పుడు అందరి మొహాల్లోనూ గట్టెక్కినవాళ్ళ తేటదనం ఉంది. సోమవారం పొద్దున పటాలాయన బొమ్మ దించి పెద్దసారుకు చూపించాడు. మామూలు రంగుల్లో పార్కు పచ్చగా, నలుచదరంగా, బల్ల మీద పరిచిన గుడ్డలా ఉంది. పెద్దసారు దాన్ని పెద్దది చేయించి గోడకు తగిలించమన్నాడు. అందరికీ బిస్కెట్లు పంచారు, పటాలాయనకు రెండు ఎక్కువే.

ఆయన తలుపు వేసుకుని లెక్క కట్టాడు. తొమ్మిది శాతం. మళ్ళీ కట్టాడు. తొమ్మిదే. ఆ తొమ్మిదీ చెట్లవి.

పరుగున పార్కుకు వెళ్ళేసరికి తోటమాలి ఒక టార్పాలిన్ పట్టా అంచు ఎత్తి చూస్తున్నాడు. కింద పచ్చగడ్డి లేదు, చదునుగా అణిగిపోయిన పసుపు గడ్డిపరకలు ఉన్నాయి.

"వారం నీళ్ళు పెడదామన్నాను. వారం పట్టా కప్పారు," అన్నాడు తోటమాలి. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని పటాలాయనకు అనిపించింది. ఒక్క మాట నోరు తెరిచి చెప్పి ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదని ఆయనకు తెలుసు. ఆ మాటను రెండు కప్పుల టీకి అమ్ముకున్నానని సిగ్గుపడ్డాడు. అయితే సిగ్గు కన్నా భయం ఎక్కువగా ఉంది. సెలవు చీటీ చదివి, తల ఎత్తి, "దేనికి బావా సెలవు?" అని అడగబోయే బావమరిది మొహం ఎంత వద్దనుకున్నా కళ్ళముందే నిలబడింది.

బొమ్మను మార్చడానికి లేదు. ఉపగ్రహాన్ని బతిమాలడానికి లేదు. మిగిలింది ఒక్కటే, సరిహద్దు గీత. అది ఆయన చేతిలోదే.

ఇరవై రెండేళ్ళలో ఒక్క గీత వంకర పోనివ్వని చెయ్యి అది. ఆ సాయంత్రం పార్కు వెనక గోడ దగ్గర ఒక్క క్షణం ఆగి, గోడ దాటి, మడుగు చుట్టూ తిరిగి, అవతలి గట్టు మీదుగా వచ్చి మళ్ళీ గోడకు కలిసింది. తొమ్మిది కాస్తా యాభై రెండయింది. పై ఆఫీసువాళ్ళు ఈ ఊరికి ఎన్నడూ రాలేదు, రాకుండా ఉండటానికే కదా ఇదంతా. కింద సంతకం పెట్టి, పెద్దసారు ముందు పెట్టాడు. పెద్దసారు పటం వైపు చూడకుండా యాభై రెండును మాత్రం చూసి, కళ్ళకద్దుకున్నంత పని చేసి సంతకం చేశాడు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. యాభై రెండు శాతం, చాలా సంతోషం, పార్కుల విభాగం యథాతథం. పెద్దసారు ఉత్తరాన్ని అందరికీ వినపడేలా రెండుసార్లు చదివించాడు. పటాలాయన కిటికీ పక్కన కూర్చుని, ఈ లోకంలో తనకు రావలసిన భయాలన్నీ వచ్చి వెళ్ళిపోయాయని అనుకున్నాడు.

మర్నాడు పొద్దున బావమరిది మెట్లెక్కి వచ్చాడు. ఒక చేతిలో తాళాల గుత్తి, ఇంకో చేతిలో ఫిర్యాదుల పుస్తకాలు ఆరు. వాటిని పటాలాయన బల్ల మీద జాగ్రత్తగా సర్దాడు.

"ఏంట్రా ఇవి?"

"మడుగువి బావా. తూము తాళం, మోటారు గది తాళం. ఇవి కంపు మీద ఫిర్యాదులు, ఇవి దోమల మీద. ఇది మీ పార్కులోదే కదా, ఇన్నాళ్ళూ పొరపాటున మేం చూస్తున్నాం."

బావమరిది జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. ఆదివారం భోజనం తర్వాత పటాలాయన స్వయంగా రాసి ఇచ్చిన కాగితం.

"బొమ్మల్లాగే అన్ని ఊళ్ళ సరిహద్దు గీతలు కూడా పై ఆఫీసు ఉచితంగా పెట్టేసింది బావా. ఎవరైనా దించుకోవచ్చు. నువ్వు చెప్పిన పద్ధతిలోనే దించి చూశాను. నీ సంతకం చూసి, బావ గీశాడంటే సరిగ్గానే ఉంటుంది, మడుగు పార్కుదేనని నేనే పై ఆఫీసుకు రాశాను."

వాడి గొంతులో వెటకారం ఉందేమోనని పటాలాయన ఆశగా వెతికాడు. లేదు. మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాడు. తప్పని చెబుదామంటే అబద్ధపు గీత గీసి సంతకం చేశానని ఒప్పుకోవాలి, ఒప్పని చెబుదామంటే మడుగు నెత్తికెత్తుకోవాలి. ఆయన నీళ్ళు నమిలాడు. ఆ మౌనాన్ని అంగీకారం కింద రాసుకున్నారు.

పై ఆఫీసు జవాబు తొందరగానే వచ్చింది. పార్కులో అంతర్భాగమైన సదరు మడుగును పార్కుల విభాగానికి అప్పగించడమైనది. మడుగే లేని మురుగు విభాగం ఇక అనవసరం గనక దాన్ని కూడా ఇందులోనే కలపడమైనది. సదరు మడుగు గురించి సంపూర్ణ అనుభవం ఉన్న ఇన్‌ఛార్జి తన హోదాతో సహా వచ్చి, పచ్చదనపు పనులన్నిటినీ, పటాల పనితో సహా, పర్యవేక్షిస్తాడు. పెద్దసారుకు ఒక విభాగానికి బదులు రెండు వచ్చాయి, ఆయన ఆనందానికి హద్దు లేదు. పటాలాయన ఆ ఉత్తరాన్ని మొదటినుంచి చివరికి, చివరినుంచి మొదటికి చదివాడు. మురుగులో కలవకూడదని మురుగును తెచ్చి తనలో కలుపుకున్నాడు.

బావమరిదికి మడుగు కనబడేచోట సీటు కావాలన్నారు. రెండో అంతస్తులో మడుగు కనబడే కిటికీ ఒక్కటే. పటాలాయన పెన్సిళ్ళ డబ్బా చంకన పెట్టుకుని నేలమాళిగకు దిగుతుంటే, "చల్లగా ఉంటుంది బావా అక్కడ," అని వాడు సాయంగా స్కేలు పట్టుకొచ్చాడు. ఇంట్లో భార్య ఉత్తరం సంగతి విని, కొరకలేదు కదా అంది.

కొత్త ఇన్‌ఛార్జి మొదటి రోజున చేసిన పని తోటమాలిని పిలిచి కుర్చీ వేయడం. ఏం చెయ్యమంటావ్ అని అడిగాడు. పైపు బాగుచెయ్యాలని తోటమాలి ఎనిమిదోసారి చెప్పాడు. మర్నాడు పైపు బాగయింది. రెండు నెలల తర్వాత, అయిదు రోజులకోసారి వచ్చే బొమ్మల్లో ఒకదాన్ని పటాలాయన కింద గదిలో దించి చూశాడు. పార్కు పచ్చబడింది. మడుగు మాట ఎత్తకుండా, పాత గోడ లోపలే లెక్క కట్టాడు. నలభై మూడు శాతం.

అప్పుడాయన తెల్లకాగితం తీసుకుని, జరిగింది జరిగినట్టు, టీ దగ్గర్నుంచి గీత వరకూ ఒక్కటీ దాచకుండా రాశాడు. సరిహద్దు గీతను మళ్ళీ గోడ దగ్గరికి జరపడానికి అనుమతి కోరుతూ, సంతకం చేసి, మెట్లెక్కి వెళ్ళి ఇన్‌ఛార్జి ముందు నిలబడ్డాడు. బావమరిది దాన్ని శ్రద్ధగా చదివి, తల ఎత్తి, "కూర్చో బావా, నిలబడ్డావేం?" అన్నాడు.

ఆ అర్జీ కిటికీ పక్క బల్ల మీద ఇప్పటికీ పరిశీలనలో ఉంది.